గద్దలకు పెట్టిన వాటా

నవంబరు వేట మొదలైన రోజు. అమెరికాలోని మిన్నెసోటా ఉత్తరాన, బురదనేల అంచున ఉన్న వేటగుడిసెలో పొయ్యి రాజుకుంది, పెనం వేడెక్కింది, ఉల్లిపాయలు తరిగి సిద్ధంగా ఉన్నాయి. జింక కాలేయం మాత్రం ఇంకా పళ్ళెంలోనే ఉంది. ఎందుకంటే గద్ద దిగలేదు.

ఆ గుడిసె ఆచారం అది. జింక పడ్డాక దాని పేగులూ ఊపిరితిత్తులూ పొదల్లో వదిలెయ్యకూడదు. పైనుంచి పక్షి కంటికి ఆనేలా బయలుకు ఈడ్చిపెట్టి, టోపీ తీసి "మీ వాటా" అనాలి. గద్ద దిగి ముక్కు పెట్టాకే మనుషులు పెనం మీద కాలేయం వెయ్యాలి. రే కంగస్ తండ్రి పెట్టిన నియమమిది. రే దాన్ని తండ్రి కంటే గట్టిగా పట్టుకున్నాడు. (అతని భార్య లోయిస్ "రే" అని కేకేస్తే, మొగుణ్ణి పట్టుకుని ఒరే అంటోందేమిటా అని మన చెవులు నిక్కబొడుచుకుంటాయి గాని, పాపం, ఆవిడ పిలిచేది పేరే.)

"బావా, మీ గద్దగారికి ఓ ఫోన్ కొట్టకూడదూ? ఇక్కడ ఆకలికి చస్తున్నాం," అన్నాడు బావమరిది ఎల్డన్.

"అతిథి తినకుండా మనమెలా తింటాంరా?"

"అతిథేమిటి బావా, పెద్ద ఆఫీసరు! ఆవిడ సంతకం పెడితే గాని మన ఫైలు పెనమెక్కదు."

అప్పుడు దిగింది. అవతలి గట్టున తమరాక్ చెట్టు మీద వాలే తెల్లతల గద్దల జంటలో ఆడది. తమరాక్ చెట్టు కదా, 'తమ రాక' కోసమే అన్నట్టు రే ఏటా అటే చూస్తూ ఉంటాడు. అది ఒక పేగు లాగి మింగింది. ఇక్కడ పెనం చుయ్యిమంది. అందరూ తృప్తిగా తిన్నారు. పాఠకులారా, ఇందులో తప్పెక్కడుందో చెప్పండి చూద్దాం.

వారం తిరక్కుండానే, కట్టెల కోసం వెళ్ళిన లోయిస్ కేక వేసింది. "రే! త్వరగా రా! నీ చుట్టం పడిపోయింది!"

తమరాక్ మొదట్లో గద్ద కూలబడి ఉంది. రెండు రెక్కలూ చేతికర్రల్లా మంచు మీద ఆనించుకుంది. తల వాలిపోతోంది. మనిషి దగ్గరికొచ్చినా ఎగరలేదు. భయపడే ఓపిక కూడా మిగల్లేదు దానికి. రే తన కోటు కప్పి ఎత్తుకున్నాడు. ఆకాశాన్ని ఏలిన పక్షి కుక్క బోనులో కూర్చుని పక్షుల ఆసుపత్రికి బయల్దేరింది. దారిపొడుగునా రే నోట ఒకటే మాట: "ఓర్చుకో తల్లీ."

అక్కడి వైద్యురాలు మార్నా ఎక్స్‌రే తీసి గోడకు పెట్టింది. గద్ద పొట్టలో తెల్లగా ఉప్పురవ్వల్లాంటి చుక్కలు.

"ఇదేంటమ్మా, ఇసకా?"

"సీసం. మీరు వేటకి ఏం తూటాలు వాడతారు?"

"నేను గద్దల్ని కొట్టను!" రే గొంతు లేచింది.

"కొట్టారని ఎవరన్నారండీ? సీసపు తూటా జింకలోకి దూరగానే పొడిపొడి అయిపోతుంది. గాయం ఒకచోట ఉంటే రవ్వలు జానెడు దూరం పోతాయి. ఆ పేగులు తరవాత ఎవరు తింటారు?"

రే చేసింది ఎక్స్‌రే చెప్పేసింది. సీసం అంటే మనకు పద్యం గుర్తొస్తుంది. ఆ గద్దకు పద్యమూ దక్కలేదు, పథ్యమూ దక్కలేదు. విషం అప్పటికే నెత్తురులో కలిసిపోయింది. మార్నా చేతుల్లోనే దాని ప్రాణం పోయింది.

"ఏటా వేటకాలం రాగానే ఇలాంటివే వస్తాయి," అంది మార్నా నీరసంగా చేతులు కడుక్కుంటూ. "మోసుకొచ్చేవాళ్ళంతా మంచివాళ్ళే. నాకు విసుగొచ్చేది అందుకే. రాగి తూటాలు దొరుకుతున్నాయండీ, అవి ఇలా పొడి కావు."

ఖాళీ బోనుతో రే తిరిగొచ్చేసరికి ఎల్డన్ కూడా ఒక జింకను కొట్టి ఉన్నాడు. పేగులు బయలుకు ఈడ్చిపెట్టి, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నిత్యం వెక్కిరించే మనిషి, బావ లేకపోయినా ఆచారం తప్పలేదు. తమరాక్ మీద మగ గద్ద ఒంటరిగా కూర్చుని కిందికి చూస్తోంది.

రే ట్రక్కులోంచి పార తీశాడు.

"ఏంటి బావా ఇది?"

"పూడ్చెయ్యాలి."

"పిచ్చా నీకు? మీ నాన్న వింటే సమాధిలోంచి లేచొస్తాడు!"

"రానీ. ఆయనకీ ఓ పార ఇస్తాను."

అని, జరిగిందంతా చెప్పాడు. ఎల్డన్ మొదట నవ్వాడు. తర్వాత ఆ నవ్వు ఎక్కడ పెట్టాలో తెలియక టోపీ నలుపుతూ ఉండిపోయాడు.

"ఇన్నేళ్ళుగా తింటూనే ఉన్నాయి కదా బావా?"

"దిగడమే చూశాం మనం. తిన్నాక ఏమయ్యాయో ఎప్పుడన్నా చూశామా?"

"రాగి తూటాలు మనూళ్ళో దొరకవు. దొరికినా తుపాకీకి గురి మళ్ళీ మొదట్నుంచీ సరిచూసుకోవాలి. ఈ వయసులో మనవల్ల అవుతుందా?"

"నాకూ ఓపిక లేదురా. కానీ ఆ బోను ఇంకోసారి మోసే ఓపిక అసలే లేదు."

నేల గడ్డకట్టి రాయిలా ఉంది. పార వేస్తే టంగుమంది. పైనుంచి గద్ద అరిచింది, ఆకలికో ఏమో. రే చెయ్యి ఆగింది. ఇన్నేళ్ళూ పెడుతూ వచ్చిన చెయ్యి ఇవాళ లాక్కుంటోంది. ఎల్డన్ గుడిసె వెనక్కి పోయి గునపం పట్టుకొచ్చాడు.

"మరి కాలేయం?" అన్నాడు ఒక పోటు పొడిచి.

"అదీ ఇందులోనే పారెయ్. గద్దకి విషమైంది మన పిల్లలకి విందవుతుందా?"

మట్టి కప్పాక రే టోపీ తీసి చెట్టుకేసి తిరిగాడు. "పై ఏడు రాగి తూటాతో కొట్టింది పెడతాను," అన్నాడు, బాకీపడ్డవాడిలా. తర్వాత ఎల్డన్ భుజం మీద చెయ్యి వేశాడు.

"ప్రేమగా పెడితే చాలనుకున్నాంరా ఇన్నాళ్ళూ. ప్రేమ ఒక్కటే చాలదు. అడవికి ఏదన్నా వదిలేముందు, అందులో ఏముందో చూసుకోవాల్సింది మనమే."