మేయరుగారికి ఆర్డీలియా కృతజ్ఞతలు

ఆ జూన్‌లో మా టెనెసీ ఊళ్ళో ఎండ నిప్పులు చెరిగింది. మునిసిపాలిటీ ఈతకొలను తెల్లవాళ్ళకే. చాకిరీ చేసుకునే హెస్టర్‌కు ఒక్కడే కొడుకు, క్లియోటిస్, తొమ్మిదేళ్ళవాడు. కొలనులోకి రానివ్వకపోతే పక్కనే ఉన్న నదిలో దిగాడు. శవమై తేలాడు.

మా నల్లవాళ్ళ వారపత్రికలో అచ్చు అక్షరాలు కూర్చేవాణ్ణి నేను. వాణ్ణి పూడ్చిన మర్నాడు ఆర్డీలియా మోస్ తన వ్యాసం నా బల్లమీద పడేసింది. మేయరును ఎదిరించి పంతులమ్మ ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి. అప్పటినుంచీ మా పత్రికకు వారం వారం వ్యంగ్యం రాసేది.

"ఒక్క కామా తగ్గినా నీ పని చెప్తాను, రూఫస్!" అంది. వ్యాసం ఇదీ:

"మేయరుగారికి కృతజ్ఞతలు. మా రంగు దిగి కొలను నల్లబడుతుందన్న తమ భయం న్యాయమే. మేఘాలకూ ఉత్తర్వులివ్వండి, ముందు తెల్లవాళ్ళ వీధుల్లో కురిసి, మిగిలితేనే మావైపు రమ్మని. మేమూ మా పిల్లలకు మర్యాద నేర్పుతాం. నదిలో మునిగేటప్పుడు కేకలు పెట్టకూడదు. కొలనులో ఆడుకునే పిల్లలు జడుసుకుంటారు."

తెల్లవాళ్ళ దినపత్రిక మొదటి రెండు వాక్యాలే కత్తిరించి వేసుకుంది. పైన శీర్షిక: 'తెలివైన నల్ల మహిళ మాట'.

ఆ మధ్యాహ్నమే హెస్టర్ మా ఆఫీసు తలుపు తోసుకుని వచ్చింది.

"పంతులమ్మా! నా బిడ్డ మట్టిలో ఉంటే నువ్వు వాళ్ళకు దండాలు పెడతావా? మా దొరసాని చదివి వినిపించింది. 'చూశావా, మీవాళ్ళకే అర్థమైంది' అంది. నేను ఆవిడ గిన్నెలు తోముతూ విన్నాను!"

ఆర్డీలియా మా పత్రిక తీసి మొత్తం చదివింది.

హెస్టర్ ఏడవలేదు. "ఇది నాకెందుకు చదువుతావ్? నాకు తెలీనిదేముంది? వాళ్ళ మొహాన చదువు. పద!"

మంగళవారం కౌన్సిల్ సమావేశానికి ముగ్గురం వెళ్ళాం.

"రా ఆర్డీలియా, రా! నీలాంటివాళ్ళు పదిమంది ఉంటే ఈ ఊళ్ళో గొడవలే ఉండవు," అన్నాడు మేయరు.

ఆమె చదివింది. మేఘాల దగ్గర కౌన్సిలర్లు పడీపడీ నవ్వారు. ఒకాయన బల్ల కూడా చరిచాడు. చివరి వాక్యానికి నవ్వులు గొంతుల్లోనే ఆగిపోయాయి.

హెస్టర్ లేచింది. "ఆ మర్యాద తెలీనివాడు నా కొడుకే. మూడు కేకలు పెట్టాడంట. కొలను గట్టుమీద అందరూ విన్నారంట. ఒక్కడు కదిలాడా?"

"ఈ ఆడవాళ్ళను బయటికి గెంటండి!" అని అరిచాడు మేయరు.

పోలీసులు జబ్బలు పట్టి ఈడ్చారు. ఆర్డీలియా కళ్ళద్దాలు మెట్లమీద పగిలాయి. అడ్డుపడిన నాకు రెండు పళ్ళు ఊడాయి.

మా పాస్టరు కోర్టుకెక్కాడు. మమ్మల్ని రానివ్వాల్సి వస్తుందని తెలిసి, సెప్టెంబరులో మునిసిపాలిటీవాళ్ళు కొలనునే మట్టితో పూడ్చేశారు. పైన గడ్డి వేశారు.

హెస్టర్ దొరసాని పని మానేసి, రోజూ ఆర్డీలియా దగ్గర అక్షరాలు దిద్దింది. శీతాకాలానికల్లా మేయరుకు ఉత్తరం రాయడం మొదలుపెట్టింది.

"నీలా వంకరగా రాయడం నాకు చేతకాదక్కా. తిన్నగా తిడతాను."

"తిట్టవే తల్లీ, కడుపారా తిట్టు. తప్పులుంటే నేను దిద్దుతాను."

ఆ ఉత్తరాన్ని మొదటి పేజీలో, మా దగ్గరున్న అతి పెద్ద అక్షరాలతో కూర్చాను.