పుల్లీ మీద ఎర్రగీత

ఆ పాత రేసు కారు ఇంజన్‌కి నూకలు చెల్లాయని తమ్ముడు తేల్చేశాడు. దాన్ని పీకేసి కొత్తది పెట్టాలట. ఆ కొత్తది అప్పటికే షెడ్డు మూల ప్లాస్టిక్ కాగితం కప్పుకుని పెళ్ళికొడుకులా కూర్చుంది. సోమవారం క్రేను వస్తుంది, పాతది తుక్కు కొట్టుకి పోతుంది. ఇంత ఏర్పాటూ అక్కతో ఒక్క మాటైనా చెప్పకుండా!

చెప్పకపోతే తెలియకుండా పోతుందా? షెడ్డులో పనివాళ్ళంతా ఆవిణ్ణి కొండక్క అనేవాళ్ళు. ఆ కారుతో కొండ రోడ్ల పందేలు గెలిచిన మనిషి మరి. నడపడం ఆవిడ వంతు, ఇంజన్ సంగతి ఆవిడ భర్త వంతు. ఆయన పోయి చాలా కాలమైంది. ఆ ఇంజన్‌లో ప్రతి బోల్టూ ఆయన చేత్తో బిగించిందే. అదీ పోతే ఆయన చేతిపని అన్నది ఇక ఎక్కడా మిగలదు. ఆ మాట ఆవిడ ఎవరితోనూ అనలేదు గానీ మొండికేసింది మాత్రం అందుకే.

తమ్ముడు చెడ్డవాడా అంటే కాదు, చిక్కల్లా అక్కడే. చెడ్డవాడైతే నాలుగు దులిపి పంపించేయొచ్చు. షెడ్డు అతనిది, పని తెలిసినవాడు, అక్కంటే ప్రాణం. ఆ మధ్య అక్కని సంతోషపెడదామని ఇంజన్ని అద్దంలా తోమి రంగు కూడా వేశాడు. ఆ ముచ్చట తీరిన దగ్గర్నుంచే కారుకి జబ్బు పట్టుకుంది. ఎత్తు ఎక్కేటప్పుడు కాలు నొక్కితే చాలు, డబ్బాలో గోళీలు పోసి ఊపినట్టు గలగలా కొట్టుకుంటోంది.

తమ్ముడు టైమింగ్ చూశాడు. పిస్టన్ పైకి వచ్చే వేళకి నిప్పురవ్వ పడాలి, కాస్త ముందుగానే పడాలి. మరీ ముందు పడితే ఇంకా పైకొస్తున్న పిస్టన్ నెత్తిన దెబ్బ పడుతుంది, గోళీల చప్పుడు అదే. దీన్ని చూడ్డానికి ఓ లైటు ఉంది. రవ్వ పడ్డప్పుడల్లా అది మెరుస్తుంది. ఆ మెరుపులో, ఇంజన్ ముందు గిర్రున తిరిగే పుల్లీ చక్రం మీది గాడి కదలకుండా నిలబడ్డట్టు కనబడుతుంది. పక్కనున్న కొలత అంకెల్లో గాడి ఎక్కడ నిలిచిందో చూసుకోవడమే. పుస్తకంలో చెప్పిన అంకె దగ్గరే నిలిచింది. కాబట్టి టైమింగ్ బాగానే ఉంది, లోపల పిస్టన్లే పోయాయి అన్నాడు తమ్ముడు.

ఆవిడ ససేమిరా అంది. వేడి మీద స్టార్టు చేస్తే స్టార్టరు మోటారుని తిరగనివ్వకుండా ఇంజన్ వెనక్కి తంతోంది, అరిగిపోయిన ఇంజన్‌కి తన్నే ఓపిక ఎక్కడిదని అడిగింది. తమ్ముడు లైటు చూపించి నోరు మూయించబోయాడు. ఆవిడ నోరు అంత తేలిగ్గా మూతపడేదైతే ఈ కథే లేదు.

"ఆదివారం కొండెక్కిస్తా. నువ్వు పక్కన కూర్చో. ఒక్కసారి గలగలమన్నా సరే, సోమవారం నేనే దగ్గరుండి పీకిస్తా. అనలేదో, దీని జోలికి నువ్వు మళ్ళీ రాకూడదు."

సరేనన్నాడు. అన్నవాడు ఊరుకోవచ్చుగా! అంత శ్రద్ధగా తోమినందుకు తనకి దక్కింది ఇదా అని నిష్ఠూరాలకి దిగాడు. మసి గీకాడట, తుప్పు వదలగొట్టాడట, గోళ్ళు అరిగాయట.

"పుల్లీ మీద ఎవరో ఎర్రగా పిచ్చిగీత గీస్తే, అది వదలక తీగబ్రష్ పెట్టి రుద్దాను, తెలుసా!"

ఆవిడ చేతిలోని గుడ్డ అలాగే ఉండిపోయింది. ఎరుపు ఏ రకం ఎరుపని అడిగింది. గోళ్ళరంగులా ఉందన్నాడు.

గోళ్ళరంగే! ఒకప్పుడు ఆవిడ కొత్త సీసా మాయమైంది. ఇల్లంతా తిరగేస్తే షెడ్డులో దొరికింది, మూతకి గ్రీజు, ఆయన బొటనవేలికి ఎరుపు. వేలు వెనక్కి దాచుకుని ఇంజన్‌కి బొట్టు పెట్టానన్నాడు. ఆ పూట ఆయన్ని ఎన్ని మాటలందో! ఎందుకు పెట్టావని మాత్రం అడగలేదు.

ఇప్పుడు అర్థమైంది. ఆ పుల్లీ ఒకే ముక్క కాదు. లోపలి చక్రానికీ బయటి చక్రానికీ మధ్య రబ్బరు. రబ్బరు ముసలిదై బయటి చక్రం తిరిగే వైపుకి ముందుకి జరిగింది, దాంతోపాటు గాడీ జరిగింది. లైటుది తప్పు లేదు, తప్పంతా అది చూపిస్తున్న గాడిలోనే ఉంది. ఆయన అది కనిపెట్టి అసలు చోట ఎర్రగీత పెట్టుకున్నాడు. తమ్ముడుగారు దాన్ని మురికని గీకేశారు. తోమడం అయ్యాక, ముందుకి జరిగిన ఆ గాడిని అంకె దగ్గరికి తేవడానికి రవ్వ ఇంకా ముందే పడేలా మార్చారు. గోళీలు మోగక ఏం మోగుతాయి?

తమ్ముడు నాలుక కరుచుకున్నాడు. కానీ ఇప్పుడు ఆ గీత ఎక్కడుండేదో ఎవరికి తెలుసన్నాడు.

"తెలిసినా పనికిరాదురా. ఇన్నేళ్ళలో ఇంకా జరిగే ఉంటుంది. నా గీత నేనే గీసుకుంటా."

నిప్పురవ్వనిచ్చే ప్లగ్గులన్నీ విప్పింది. మొదటిదాని చోట ఓ మొద్దు బోల్టు దింపింది, పిస్టన్ పూర్తిగా పైకి రాకుండా అడ్డం. పానా పట్టి ఇంజన్ని చేత్తో మెల్లగా తిప్పితే పిస్టన్ వచ్చి బోల్టుకి ఆనింది. సున్నా అంకెకి ఎదురుగా పుల్లీ మీద సుద్దగీత గీసింది. వెనక్కి తిప్పి, అటునుంచి వచ్చి ఆనిన చోట ఇంకోటి గీసింది. ఆ రెంటి మధ్యా దారం చుట్టి, తీసి, సగానికి మడిచి కొలిచింది. పిస్టన్ పైకి చేరే అసలు చోటు సరిగ్గా ఆ నడుమ. ఫ్యాక్టరీ గాడి చూస్తే దానికి బొటనవేలంత దూరాన ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంది.

ఆవిడ ఇంట్లోంచి గోళ్ళరంగు తెచ్చి ఆ నడుమ గీత గీసింది. బోల్టు తీసి ప్లగ్గులు బిగించి, గీతని చూసుకుంటూ, రవ్వ పడే వేళని మార్చే డిస్ట్రిబ్యూటర్ని కాస్తంత తిప్పింది. తమ్ముడే లైటు పట్టుకున్నాడు. పుల్లీ మార్చాల్సిందేనని గొణిగాడు. మారుద్దాం, రోగం పుల్లీది గానీ ఇంజన్‌ది కాదని ఆవిడ ఒప్పుకుంది.

ఆదివారం పొద్దున కొండ కింద ఆగి, అద్దాలన్నీ దింపేసింది. చప్పుడు వస్తే ఇద్దరికీ వినబడాలి. మొదటి మలుపు దాటాక టాప్ గేరులో వేసి, కాలు పూర్తిగా నొక్కింది. ఇంజన్ బరువుగా గర్జించింది. గోళీలు మాత్రం లేవు. తమ్ముడు డ్యాష్‌బోర్డుకి చెవి ఆనించినంత పని చేశాడు. రెండో మలుపు దగ్గర, తెలిసిందిలే ఇక తగ్గించమన్నాడు. ఆవిడ వినలేదు. వినే ఉద్దేశమూ లేదు.

పైన ఆపి, ఇంజన్ కట్టేసి, ఆ వేడి మీదే మళ్ళీ తాళం తిప్పింది. తన్నలేదు, తిట్టలేదు, వెంటనే అందుకుంది.

తమ్ముడు కిందకి చూస్తూ అడిగాడు.

"రేపు క్రేనువాడికి ఏం చెప్పనక్కా?"

"రమ్మను. నీ పెళ్ళికొడుకుని వెనక్కి పంపాలిగా."

తమ్ముడు తలొంచుకుని నవ్వేశాడు. ఆవిడా నవ్వింది గానీ, స్టీరింగ్ మీద తన బొటనవేలు చూసుకునేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. గోరు చుట్టూ గ్రీజు, దాని మీద ఎరుపు. పెట్రోలు పెట్టి తుడిచినా పోలేదు. ఆ సీసా కోసం తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి కళ్ళు నిండాయి. ఆయన ఒక్కసారి కనబడితే బాగుండుననిపించింది. క్షమించమనడానికి కాదు. ఎందుకు గీశావో అప్పుడే చెప్పి ఏడవొచ్చుగా అని, ఇంకోసారి గట్టిగా తిట్టడానికి.