బ్యాండు ఎందుకు ఆగింది

ఒకే రకం గ్లాసులు నాలుగే ఉన్నాయి. అవి వచ్చిన ముగ్గురికీ భర్తకీ సరిపోతాయని ఆమె తన టీ స్టీలు గ్లాసులో పోసుకుంది. ముందుగదిలో ముగ్గురు మగవాళ్ళు, పొట్టలొచ్చి జుట్టు పల్చబడ్డవాళ్ళు, తమ హార్డ్ రాక్ బ్యాండు చరిత్ర పత్రికమ్మాయికి చెబుతున్నారు. గిటార్ వాయించిన భర్తదే మాటంతా. పాటగాడు తలూపుతున్నాడు, బేస్ గిటార్ వాయించినవాడు నవ్వుతున్నాడు. ఏడాదైనా నిండని బ్యాండు. ఆయన చెబుతుంటే మాత్రం రాజ్యాలేలినట్టుంది.

సైకిల్ షాపు వెనక ప్రాక్టీసు చేసిన రేకుల షెడ్డు గురించి చెప్పాడు. కాలేజీ వార్షికోత్సవంలో ఫ్యూజు పోయిందనీ, అయినా జనం ఊగిపోయారనీ చెప్పాడు. ఎవరికి ఊగిపోయారో చెప్పలేదు. గిటార్లు మూగబోయాయి, మైకు చచ్చిపోయింది. కరెంటు అక్కర్లేనివి డ్రమ్ములే. లైట్లు వచ్చేదాకా ఆ చీకట్లో ఆమె ఒక్కతే వాయించింది, చేతులు బొబ్బలెక్కేలా. అప్పటికి పెళ్ళయి రెండు నెలలు. ఆ రోజు ఇంటికి వచ్చేదాకా భర్త ఆమెకి పదడుగులు ముందే నడిచాడు.

వారం తిరక్కుండా కబురు తెచ్చాడు. "ఆడమనిషుంటే ఇబ్బందిగా ఉందట వాళ్ళకి. నేనెంత పోట్లాడినా వినలేదు."

"పోనీలేమ్మా, కాళ్ళు ఎడం చేసుకుని కూర్చుని ఆ బాదుడేంటి, చూసేవాళ్ళకే సిగ్గు," అని అత్తగారు ఓదార్చింది.

ఆమె ఏడ్చింది. తన తరఫున పోట్లాడిన మొగుడు దొరికాడని మురిసింది కూడా. ఆ మురిపెం మీదే ఎన్ని మింగింది! ఉద్యోగం నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే పొయ్యి వెలిగించడం, ఆయన విసుగు, ఆయన అలకలు, అన్నీ. కోపమంతా ఆ మిగతా ఇద్దరి మీదే. వాళ్ళు వచ్చినప్పుడల్లా టీలో చక్కెర తగ్గించేది, అదొక్కటే ఆమె చేయగలిగిన పగ.

ట్రేతో గదిలోకి వచ్చేసరికి పత్రికమ్మాయి అడుగుతోంది. "మరి ఎందుకు ఆగిపోయింది సార్?"

"డ్రమ్మర్ మానేసింది," అన్నాడు భర్త.

"అమ్మాయా? ఇప్పుడెక్కడున్నారు?"

"ఎక్కడో సంసారంలో పడిపోయింది లెండి." తలెత్తకుండానే ట్రేలోంచి గ్లాసు అందుకున్నాడు.

బేస్ వాయించినవాడి నవ్వు ఆగిపోయింది. ఆమె అతనివైపు తిరిగింది. "నేను మానేశానా? మీరేగా నన్ను వద్దన్నది."

"మేమా?" అతను నిజంగానే తెల్లబోయాడు. "నీకే ఇష్టం లేదని వీడే చెప్పాడు వదినా. వచ్చి బతిమాలతానన్నా, ఏడుస్తుంది రావద్దన్నాడు."

పాటగాడు కిటికీలోంచి వీధి చూడసాగాడు.

"అబ్బా, పాత కథలిప్పుడెందుకు? వెళ్ళి ఆ బిస్కెట్లు పట్రా," అన్నాడు భర్త.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. డ్రమ్ములు పోయినందుకు ఎప్పుడో ఏడ్చేసింది. ఇన్నేళ్ళూ ఈ మనిషికి కృతజ్ఞత చెల్లిస్తూ బతికినందుకు ఇప్పుడు మండింది. ట్రే బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని పత్రికమ్మాయి ఎదురుగా కూర్చుంది.

"ఆ డ్రమ్మర్ని నేనేనమ్మా. మానేసింది అన్న మాట తీసెయ్యి. మానిపించారు. ఎవరో చెబుతాను, రాసుకో."