తప్పు దొరకని పదం

డాక్టరమ్మ ఫైలు మీద రాసిన జబ్బు పేరు చాంతాడంత ఉంది. దాని నెత్తిన ఒక ఇంగ్లీషు విశేషణం ఎక్కి కూర్చుంది: ఇడియోపతిక్. అది చూడగానే ఎర్రకలానికి ప్రాణం లేచొచ్చింది. భార్య ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయంటే ఆయనకేం అర్థమవుతుంది గానీ, మాటల సంగతంటారా, ముప్పై ఏళ్ళుగా నిఘంటువుల ప్రూఫులు దిద్దుతున్న మనిషి. అందుకే ఆఫీసులో అందరికీ ఆయన ఎర్రకలమే. మాట మూలం దొరికితే జబ్బు మూలం దొరికినట్టే, మూలం దొరికాక మందు దొరకదా అనుకున్నాడు పిచ్చి మారాజు.

ఆఫీసుకు పరుగెత్తి, తనూ భార్యా కలిసి దిద్దిన నిఘంటువే తెరిచాడు. ఐ, డి, ఐ, ఓ, పి, ఏ, టి, హెచ్, ఐ, సి. గ్రీకు మూలం. ఇడియోస్ అంటే తన సొంతమైన, పాథోస్ అంటే బాధ. అర్థం: కారణం తెలియని.

అంతే.

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ!" అని పుస్తకాన్నే తిట్టాడు. పది అక్షరాలు, రెండు గ్రీకు మాటలు, ఇంత ఆర్భాటం చేసి చివరికి చెప్పింది తెలియదనా? కాదు, అచ్చుకు అక్షరాలు కూర్చేటప్పుడు కంపోజిటరు ఒక వరుస మింగేసి ఉంటాడు. బీరువాలోంచి పాత రాతప్రతి కాగితం లాగాడు. కానీ ఒక్కడే పోల్చి చూసుకోవడానికి చేతులు రాలేదు. వాళ్ళ పనిలో ఒంటరిగా దిద్దడం లేదు. ఒకరు రాతప్రతి పైకి చదవాలి, ఒకరు అచ్చు చూస్తూ ముక్కముక్కకీ "సరే" అనాలి. సరే అనేదాకా చదివేవాళ్ళు ముందుకు కదలకూడదు. ఆ చదివే గొంతు ముప్పై ఏళ్ళుగా ఆమెదే. అలా సరే సరే అనుకుంటూనే పెళ్ళి కూడా అయింది.

పుస్తకం, కాగితం రెండూ పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. ఆమె ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది.

"నేను చదువుతాలే, నీకు ఆయాసం."

"మీరు చదివితే కామాలన్నీ మింగేస్తారు. ఇలా ఇవ్వండి," అంది ఆమె.

ఐ, డి. సరే. ఐ, ఓ. సరే. రెండేసి అక్షరాలకు ఒకసారి ఊపిరి. ఇడియోస్, తన సొంతమైన. సరే. పాథోస్, బాధ. సరే.

"అర్థం. కారణం తెలియని. చుక్క."

ఆయన వేలు అచ్చులో అదే వరుస మీద ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు. తప్పు దొరకాలని ఆయన దేవుడికి మొక్కుకున్నది జన్మలో ఆ ఒక్కరోజే.

"కాగితం వెనక చూడు."

"ఏమీ లేదండీ. సరే అనండి."

"ప్రూఫులు ఎగిరిపోతాయని కిటికీలు మూయించింది నేనే. ఆ కాగితాల దుమ్మంతా నువ్వే పీల్చావు. నా వల్లేనే ఇదంతా!"

"మూయించింది మీరు. తీయొద్దన్నది నేను. రోడ్డు మోతలో నా గొంతు మీకు వినపడదని. దాని వల్లేనని ఎవరూ రాయలేదండీ. తెలియదనే రాశారు."

"తెలియదంటే ఎలా ఊరుకోనే?" ఆయన గొంతు పెద్దదైంది. పక్క మంచాల వాళ్ళు తిరిగి చూశారు. తప్పు తనదైతే బాగుండునని ఆయన ఆరాటం. తప్పయితే దిద్దుకోవచ్చు.

ఆమె కాగితం గుండెల మీద పెట్టుకుని ఎదురుచూసింది. "సరే అనండి. వేరే ఏదైనా చదువుకుందాం."

"అనను. నేను అనేదాకా నువ్వు కదలకూడదు. అదే కదా మన రూలు? కదలకూడదు, తెలిసిందా? ఎన్నాళ్ళయినా సరే, అక్కడే ఆగి ఉండు."

ఆమె కాగితం మీద అదే వరుసలో వేలు పెట్టింది. గొట్టం కింద పెదవులు కదిలాయి.

"సరే," అంది.

చదవడానికి కూర్చున్నాక ఆ మాట ఆమె అనడం ముప్పై ఏళ్ళలో అదే మొదలు.