ఒర మూతికి వేయని పట్టీ

మేస్త్రి పనికి వంక పెట్టిన మనిషి ఆ వీధిలో ఇంతవరకూ పుట్టలేదు. అది ఆయన స్వయంగా చెప్పుకునే మాటే, కానీ అబద్ధం మాత్రం కాదు. బెల్టులు, సంచులు, జీనులు, కత్తి ఒరలు, ఏదైనా సరే, తోలు ఆయన చేతిలో పడితే చెప్పినట్టు వింటుంది. ఆ పేరే చివరికి ఆయన్ని ముంచింది.

ఆయన భార్య తమ్ముడు బ్యాంకులో గార్డు. పదేళ్ళుగా అదే గుమ్మం దగ్గర నిలబడ్డవాడు. ఒకరోజు వచ్చి, "బావా, వీళ్ళిచ్చిన పిస్తోలు ఒర ప్లాస్టిక్ డబ్బాలా ఉంది. నడుముకి కట్టుకోవాలంటే సిగ్గేస్తోంది. నువ్వొకటి చేసిపెట్టకూడదూ?" అన్నాడు.

అడగడమే తడవు, మేస్త్రికి ఒళ్ళు తెలియలేదు. "చూస్తూ ఉండరా. దొంగలొస్తే నీ పిస్తోలుని కాదు, నా ఒరని చూసి ఆగిపోవాలి!" అన్నాడు.

నెల రోజులు దాని మీదే కూర్చున్నాడు. మందపాటి తోలు తడిపి, ఆ తడి సగం ఆరి చేతికి చల్లగా తగిలేదాకా ఆగి, సన్నకత్తితో తీగ గీశాడు. ఆకు పక్కన తోలును అచ్చుతో అణిచి, కొయ్యసుత్తితో కొట్టి, ఒక్కో ఆకునూ పైకి తేల్చాడు. తోలు మీద పడ్డ గాటు మళ్ళీ పూడదు కాబట్టి ఊపిరి బిగబట్టి గీసేవాడు. భార్య భోజనానికి పిలిస్తే "ఆఁ, వస్తున్నా" అనేవాడు, గంటయినా కదిలేవాడు కాదు. తీగ అలా అలా పాకి, ఒర మూతి దగ్గర పెద్ద పువ్వయి విచ్చుకుంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఏ ఒరకైనా మూతి చుట్టూ గట్టి పట్టీ ఒకటి వేస్తారు, పిస్తోలు బయటికి తీశాక కూడా మూతి ముడుచుకోకుండా తెరుచుకుని ఉండటానికి. పనిలో చేరిన మొదటి వారంలో నేర్పే సంగతి అది. పైన వేద్దామంటే పువ్వు సగం మూసుకుపోతుంది. లోపల వేద్దామంటే అంచు లావై మొరటుగా కనిపిస్తుంది. మేస్త్రి రెండు రోజులు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తోలు గట్టిగానే ఉందిగా, ఏం కాదులే" అనుకుని పట్టీ వేయడమే మానేశాడు.

బావమరిది ఆ ఒర చూసి మురిసి ముక్కలయ్యాడు. బ్యాంకుకి వచ్చినవాళ్ళందరికీ చూపించాడు.

ఏడాది తిరిగింది. ఒక ఉదయం డ్యూటీ ఎక్కుతూ గార్డు పిస్తోలుని ఒరలో పెట్టబోతే అది పేలింది. గుండు తొడ కండలోంచి దూసుకుపోయింది. ప్రాణానికి భయం లేదన్నారు. భయమంతా ఉద్యోగానికే! ట్రిగ్గరు మీద వేలుంచి ఒరలో దోపాడని, ఒళ్ళు దగ్గర పెట్టుకోని మనిషని సస్పెండ్ చేశారు. నలభై రోజుల తర్వాత విచారణ అన్నారు. దొంగలు దొరక్క తన కాలే కాల్చుకున్నాడని జోకులు కూడా పుట్టాయి.

మేస్త్రి భార్య ఆసుపత్రి నుంచి ఆ ఒర తెచ్చి ఆయన ముందు పెట్టింది. "ఏమండీ, రక్తం మరకలు పోయేలా చూడండి. విచారణకి తెమ్మన్నారట," అంది.

మేస్త్రి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. మూతి మెత్తబడిపోయింది. ఒక పక్క, సరిగ్గా ఆ పువ్వు ఉన్నచోట, తోలు లోపలికి ముడుచుకుని ఉంది. చూడగానే ఆయనకి అర్థమైపోయింది. పిస్తోలుతో పాటు ఆ మడత కూడా లోపలికి దిగి ట్రిగ్గరుకి తగులుకుంది. వేలూ లేదు, గీలూ లేదు.

"ఏమైందండీ, అలా అయిపోయారు?"

"ఏం లేదు. మరక బాగా పట్టేసింది."

చెప్పేయాలనే అనుకున్నాడు. చెయ్యి మాత్రం సూది అందుకుంది. ఒర లోపలి మెత్తటి తోలు విప్పి, అంచు కాస్త లావైనా సరేనని గట్టి పట్టీ ఒకటి దూర్చి, పాత కన్నాల్లోంచే దారం పోనిచ్చి, ఎవరూ కనిపెట్టలేనంత నేర్పుగా కుట్టేశాడు. మళ్ళీ ఎవరికీ ప్రమాదం రాకూడదనే చేశానని తనకు తాను చెప్పుకున్నాడు. ఛీ, ఎవరికి చెప్పే కబుర్లవి! పేరు పోతుందనే చేశాడు. ఆ రోజు నుంచి రోజూ చూడ్డానికి వెళ్ళేవాడు. బావమరిది మంచం పక్కన కూర్చుని, చెబుదామని నోరు తెరిచి, నీళ్ళు నమిలి లేచి వచ్చేసేవాడు.

"బావ ఎంత బెంగ పెట్టేసుకున్నాడో చూడక్కా," అనేవాడు ఆ వెర్రిబాగులవాడు.

విచారణ రోజు బావమరిదికి భుజం ఆసరా ఇచ్చి మేస్త్రే తీసుకెళ్ళాడు. ఆఫీసరు ఖాళీ పిస్తోలుని ఒరలో పదిసార్లు పెట్టి తీశాడు. మూతి చెక్కు చెదరలేదు.

"ఒర దివ్యంగా ఉంది. తప్పు నీదేనయ్యా," అన్నాడు.

"అవును సార్. మా బావ చేసింది, దానికి వంకేముంటుంది?" అన్నాడు గార్డు. ఆ మాటలో ఇంకా గర్వమే ఉంది.

మేస్త్రి ఇక కూర్చోలేకపోయాడు. లేచి ఉన్నదంతా చెప్పేశాడు. ఆఫీసరు నవ్వాడు. "బావమరిది ఉద్యోగం కోసం బాగానే అల్లావయ్యా కథ. ఇందులో కొత్త కుట్టు ఏదీ? చూపించు."

అది చూపించడం ఆయన వల్ల కూడా కాలేదు. అంత బాగా కుట్టాడు మరి! బల్ల మీదున్న కాగితాల కత్తి తీసుకుని, కుట్టంతా పరపరా కోసేశాడు. పాతబడి నల్లబడ్డ తోలు మధ్యలోంచి లేత రంగు పట్టీ బయటపడింది. దాన్ని లాగి పక్కన పడేసి, మూతిని అంతకుముందు ఎలా ఉందో అలా వదిలేసి, "ఇప్పుడు పెట్టండి సార్," అన్నాడు.

ఆఫీసరు పెట్టాడు. మూడోసారికి తోలు మడత పడింది. ఖాళీ పిస్తోలు టక్కుమంది. ఆఫీసరు ఆ మడతని వేలితో ఎత్తి చూశాడు. తర్వాత సస్పెన్షన్ కాగితం మీద అడ్డంగా గీత గీసి, రేపటి నుంచి డ్యూటీకి రమ్మన్నాడు.

బయట మెట్ల మీద మేస్త్రి ఆగిపోయాడు. "తప్పంతా నాదేరా. నీ కాలు నేనే పాడుచేశాను. ఏమంటావో అను," అన్నాడు.

"కాలుదేముంది బావా, మానుతుంది. పువ్వు మీద మోజుతో పట్టీ మానేశావు, పోనీలే." గార్డు తన రెండో అరచేతిని తిప్పి చూసుకున్నాడు. "ట్రిగ్గరు మీద వేలు పెట్టిన గుర్తు నాకసలు లేదు. అందరూ పెట్టావంటే, పెట్టానేమో అనుకున్నా. నా చెయ్యి నా మాట వినడం లేదేమో అనుకున్నా. ఈ నలభై రోజులూ నా చంటిదాన్ని ఎత్తుకోలేదు బావా, ఎక్కడ జారవిడుస్తానోనని. అది చేతులు చాస్తుంటే మొహం తిప్పుకున్నా. నీకు మొదటి రోజే తెలుసు కదూ?"

మేస్త్రి తల వంచుకుని, తెలుసన్నట్టు ఊపాడు.

గార్డు ఆయన భుజం మీద నుంచి చెయ్యి తీసేశాడు. పక్కనున్న ఇనుప కడ్డీ పట్టుకుని, కుంటుకుంటూ, మెట్లన్నీ తనొక్కడే దిగి వెళ్ళాడు.