పద్నాలుగు వ్యాసాల మాట

నా పరిశోధన ప్రపోజల్‌లో ఉపోద్ఘాతం మొదటి పేరా తొమ్మిదిసార్లు రాశాను. తొమ్మిదిసార్లూ మా గైడ్ మేడమ్ కొట్టేసింది. "మీ అన్నయ్య గురించి కాదమ్మా, సమస్య గురించి రాయి. ప్రతి వాక్యానికీ ఆధారం చూపించు," అంది.

ఆధారం మా ఇంట్లోనే కూర్చుని ఉంది! అన్నయ్య బస్సు డ్రైవరు. ప్రమాదంలో ఒక ప్రయాణికుడు పోయాడు. తప్పు అన్నయ్యది కాదన్నారు. అయినా ఆనాటి నుంచి మాటా లేదు, సైగా లేదు. నా పరిశోధనకి ఇలా షాక్‌తో మాట పోయినవాళ్లనే ఎంచుకున్నది లోకాన్ని ఉద్ధరించడానికి కాదు, దాపరికం ఎందుకు?

పూర్వ పరిశోధనల సమీక్ష కోసం అరవై వ్యాసాలు ముందేసుకున్నాను. పద్నాలుగింటిలో ఒకే వాక్యం: ఎక్కువమంది రెండేళ్లలో మళ్లీ మాట్లాడతారు. నా నోట్లో నువ్వుగింజ నానదు కదా, ఆ సాయంత్రమే అమ్మకు చెప్పేశాను. అప్పటికి రెండేళ్లు నిండడానికి ఐదు నెలలుంది. అమ్మ క్యాలెండరులో రోజులు కొట్టేయడం మొదలుపెట్టింది.

మేడమ్ పద్ధతి వేరు. ఏ మాటైనా మొదట అన్నవాళ్ల వ్యాసం కళ్లారా చూడనిదే వాడనివ్వదు. సరేనని వెతుక్కుంటూ వెనక్కి పోయాను. ఈయన ఆయన పేరు చెబుతాడు, ఆయన ఇంకొకావిడ పేరు చెబుతాడు. అంతా గొర్రెదాటు. నాలుగు నెలలకి లైబ్రేరియన్ పుణ్యమా అని ఆ మొదటి వ్యాసం దొరికింది. అందులో పదకొండుమంది రోగులు. రెండేళ్ల తర్వాత వాళ్లేమయ్యారో తెలియలేదని ఆఖరి పేజీలో ఉంది. మాట్లాడారని ఒక్క ముక్క లేదు. ఎవడో తప్పు రాశాడు, మిగతావాళ్లు చూసి ఎక్కించేశారు. వాళ్ల చేతులు పడిపోను!

మేడమ్ మొహం వెలిగిపోయింది. "శభాష్! ఇంతవరకూ ఎవరూ తేల్చని ప్రశ్న పట్టుకున్నావు. ఇక నీ ప్రపోజల్‌కి తిరుగులేదు."

"అంటే ఎవరికీ తెలియదన్నమాటే కదా మేడమ్?"

"అదేగా మనకు కావాల్సింది!"

నాకు ఏడుపొచ్చింది. పాపం, ఆవిడ తప్పేముంది?

ఇంటికెళ్లేసరికి అమ్మ అన్నయ్య డ్యూటీ చొక్కా ఇస్త్రీ చేస్తోంది. అన్నయ్య పక్కనే కూర్చున్నాడు.

"ఇంకెంతరా, ఇట్టే అయిపోతుందని చెబుతున్నా వీడికి. నువ్వూ చెప్పవే, పుస్తకాల్లో ఉందని," అంది అమ్మ.

ఆ వ్యాసం ఉన్న సంచిని వెనక్కి దాచుకున్నాను.

అన్నయ్య నా వైపు తిరిగాడు. ప్రమాదమయ్యాక మొదటిసారి, మెల్లగా ఒక వేలు ఎత్తి చూపించాడు. ఇంకొక్క నెల. ఇన్నాళ్లూ వాడూ లెక్కపెడుతున్నాడు, నా మాట నమ్మి. దేవుడా, ఇప్పుడేం చెప్పను వీడికి?