అప్పగించిన చేయి

సీతాఫలం గింజలు తీస్తున్నాను. గుజ్జు గిన్నెలోకి, గింజలు ఆకులోకి. తీయడం అయ్యాక గిన్నెలో చెంచా వేసి నా భర్త విష్ణు ముందు పెట్టాలి. విష్ణుకు ఆర్మూర్‌లో విత్తనాల దుకాణం ఉంది. చేతికి ఏదైనా అంటుకుంటే తినడు. పెరుగన్నం చెంచాతోనే తింటాడు. చేపలో ముళ్లు నేను తీయాలి, మామిడిపండు నేను కోయాలి. ఆయన పుట్టింది జక్రాన్‌పల్లిలో, పసుపు పండించే ఇంట్లో. ఉడికిన పసుపు కొమ్మును ఇంతవరకు ముట్టుకోలేదు.

దీన్ని జబ్బని ఈ ఇంట్లో ఎవరూ అనలేదు. మా అత్త అంజవ్వ చుట్టాలు వచ్చినప్పుడల్లా చెబుతుంది: "మావోడు చిన్నప్పటికెల్లి గంతే. రాజా తీరు. చేతికి జర అంటితె పళ్లెం ఇసిరికొట్టెటోడు." మా పెళ్లిలో అప్పగింతలప్పుడు అమ్మ నా చేతులు పాలలో ముంచి అత్త చేతుల్లో పెట్టింది. ఆమె వాటిని వదిలి, కొడుకు కుడిచేతిని లాగి నా చేతిలో పెట్టింది. "గిది నీకప్పజెప్తున్న బిడ్డా. దీనికేమంటనియ్యకు." పందిట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే కోపం వస్తుంది.

మా బిడ్డ శృతికి ఏడాదిన్నర. మెతుకు వేలికి అంటితే చేయి విదిలించి ఏడుస్తుంది. గడ్డి మీద దింపితే కాళ్లు పైకి ముడుచుకుంటుంది. నిజామాబాద్‌లో పిల్లల డాక్టరు ఉదయలక్ష్మికి చూపించాం. "భయపడకండి. రోజూ కాసేపు ఆడించండి. ముందు పొడివి, తర్వాత తడివి ముట్టుకోనివ్వండి. బలవంతం చేయొద్దు. మీరిద్దరూ పక్కన కూర్చుని ముట్టుకుంటుంటే చూసి తనే చేయి పెడుతుంది" అందామె. ఆమె "మీరిద్దరూ" అన్నప్పుడు విష్ణు ఫోన్ చూసుకుంటున్నాడు.

ఇంటికి రాగానే అత్త అంది: "ఆడివిల్లకు గిట్లయితె ఎట్లనే? రేపు అత్తగారింట్ల పిండి ఎవలు పిసుకుతరు, పెండ ఎవలు ముట్టుతరు?"

"వాళ్ల బాపుకూ ఇదే ఉన్నది గద అత్తమ్మా."

"ఆడు మొగోడు."

వసారాలో పాత ఇత్తడి తాంబాళం పెట్టాను. మొదట అందులో తవుడు పోశాను. తర్వాత బియ్యప్పిండి, ఆ తర్వాత తడిపిన పిండి. నేను చేయి పెట్టి తిప్పుతుంటే శృతి నా మోచేయి పట్టుకుని చూసేది. కొన్నాళ్లకు ఒక వేలు పెట్టింది. పెట్టి వెంటనే తీసి, మళ్లీ పెట్టింది. ఆట అయ్యాక తాంబాళం కడగాలి, వసారా తుడవాలి, బిడ్డకు స్నానం చేయించాలి, బట్టలు ఉతకాలి. వంట ఎలాగూ నాదే. నేను తుడుస్తుంటే విష్ణు కుర్చీలో కాళ్లు పైకి ముడుచుకుని, "పొద్దంత ఆడుకుంట కూసుంటవ్. నీ పనే మంచిగున్నది సుష్మా" అనేవాడు. అత్తకు ఇంకో బాధ. "తినేటిది నేలపాలు జేస్తవా? లచ్చిమి ఉంటదా గీ ఇంట్ల?" కొడుకు విసిరికొట్టిన పళ్లేల్లో లక్ష్మి లేదా అని అడగలేదు. అడగాల్సింది.

పోయిన ఆదివారం ఉడికించిన సగ్గుబియ్యం పెట్టాను. శృతి అందులో అరచేయి మొత్తం పెట్టింది. పిడికిలి బిగించింది. వేళ్ల సందుల్లోంచి జారుతుంటే నవ్వింది. నేను కేక వేశాను. విష్ణు బయటికి వచ్చాడు. బిడ్డ ఆ చేయి తండ్రికి చాపింది.

"ఛీ! దూరం, దూరం!" అని రెండడుగులు వెనక్కి వేశాడు.

శృతి తండ్రి ముఖం చూసింది. తన చేయి చూసుకుంది. విదిలించి ఏడ్చింది. ఆ రోజు నుంచి తాంబాళం దగ్గర కూర్చోవడం లేదు. తవుడు కూడా ముట్టుకోవడం లేదు.

"తండ్రి పోలిక. ఏం జేస్తం" అంది అత్త.

ఇప్పుడు విష్ణు చాప మీద కూర్చుని గిన్నె కోసం చూస్తున్నాడు. ఇంకో పండు విప్పబోయి ఆగాను. తాంబాళం తెచ్చి ఆయన ముందు పెట్టాను. శృతిని ఎత్తుకొచ్చి అటువైపు కూర్చోబెట్టాను. గింజలు తీసిన గుజ్జంతా బిడ్డ వైపు వంచాను. ఆయన వైపు పండు పెట్టాను.

"గింజలు తియ్యలే?"

"తీసినయి నీ బిడ్డకు."

"చెంచ ఏది?"

"లేదు. చేయితోని తిను. బిడ్డ నిన్నే చూస్తున్నది."

"ఏం మజాకా? గిది తీసెయ్."

లోపలి నుంచి అత్త వచ్చింది. తాంబాళాన్ని, పండును, కొడుకును చూసింది. "ఏందే గిది? మావోని చెయ్యి పెండ్లినాడే నీకప్పజెప్తి గద!"

నేను విష్ణు కుడిచేతిని పట్టుకున్నాను. సీతాఫలం గుజ్జు నా వేళ్ల నుంచి ఆయన వేళ్లకు అంటింది. లాక్కోబోయాడు. వదలకుండా తీసుకెళ్లి ఆయన ఒళ్లోనే పెట్టాను.

"ఎవరిది వాళ్లకు అప్పజెప్తున్న అత్తమ్మా."

శృతి ఏడవలేదు. తండ్రి ఆ చేతిని ఏం చేస్తాడో చూస్తోంది.